బతికినవారిని కాపాడింది దేవుడైతే, పోయినవారి సంగతేమిటి?

రేపల్లె పాఠకుడు:
మా బంధువు ఒకాయన ఎక్కవలసిన బస్సు కాస్తలో తప్పిపోయింది. ఆ బస్సే కాలువలో బోల్తా పడింది. ఆ వారంలోనే వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. “ఆ స్వామే నన్ను ఆపాడు” అని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆ ప్రమాదంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి అదే వీధిలో ఉంది. దైనందిన జీవితంలో దేవుడి చేయి ఉందని నేనూ నమ్ముతాను. కానీ దాన్ని ఇలా గుర్తుపట్టడం న్యాయమేనా?

సత్యవతి:
గండం గడిచినవాడు దేవుణ్ణి తలచుకోక ఎవరిని తలచుకుంటాడండీ? అది వాదన కాదు, గుండెల్లోంచి వచ్చిన మాట. దాన్ని తప్పుపట్టకండి.

భాస్కర్:
గుండెల్లోంచి వచ్చినా మాటకు అర్థమంటూ ఉంటుంది కదా. ఒకరిని ఆపినవాడు నలభై మందిని ఎందుకు ఎక్కనిచ్చాడు? ప్రారబ్ధం అంటే ఆ తల్లి పుండు మీద కారం చల్లినట్టే.

దివిసీమ మనవడు:
మా అమ్మమ్మది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న తాటిచెట్టంత ఉప్పెన విరుచుకుపడినప్పుడు తుమ్మకొమ్మ పట్టుకుని రాత్రంతా వేలాడింది. చెల్లెలి చేయి జారిపోయింది. సుమారు 10,000 మందిని మింగిన విపత్తు అది. ముళ్లు దిగిన మచ్చలు అమ్మమ్మ అరచేతుల్లో చివరివరకూ ఉన్నాయి. “దేవుడు నన్ను కాపాడాడు” అని మాత్రం ఆమె ఏనాడూ అనలేదు. అలా అంటే చెల్లెలిని వదిలేశాడని ఒప్పుకోవాలి కదా అనేది. అయినా సంధ్యాదీపం మానలేదు.

మరి దేవుడు ఎక్కడున్నాడే అని అడిగితే, నీళ్లు తీశాక వచ్చినవాళ్ల గురించి చెప్పేది. ఏ కులమో ఏ మతమో తెలియని శవాలను ముక్కుకు గుడ్డ కట్టుకుని మోసిన పొరుగూరి కుర్రాళ్లు. చెరువులన్నీ ఉప్పునీళ్లతో నిండిపోతే ఎక్కడినుంచో మంచినీళ్ల బిందె మోసుకొచ్చి, తాను గుక్కెడు తాగకుండా ముందు పిల్లలకు పట్టమన్న ఒక ముసలాయన. మదర్ థెరిసా వచ్చారు, రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టించింది. అవి అందరికీ తెలుసు. ఆ బిందె సంగతి అమ్మమ్మ చెబితేనే నాకు తెలిసింది. నాకేం దక్కిందన్న లెక్కలో వెతికితే దేవుడు పక్షపాతిలా కనిపిస్తాడు. ఆపదలో ఎవరు ఎవరి గుమ్మం తొక్కారో చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. రేపల్లె మిత్రమా, ఆ తల్లి ఇంటికి వెళ్లి రండి. అక్కడ స్వామి మాట ఎత్తకండి.

భాస్కర్:
ఆ ముసలాయనకు చేతులెత్తి మొక్కుతాను. ఆయన మంచితనాన్ని మాత్రం దేవుడి ఖాతాలో వేయలేను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ప్రాణనష్టం వేలల్లోకి పోలేదంటే కారణం ముందే అందిన హెచ్చరికలు, జనాన్ని తరలించిన సిబ్బంది. ఉపగ్రహాలూ రాడార్లూ ప్రార్థనతో రాలేదు.

మేరీ:
మా సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెబుతాం. జ్వరం తగ్గిందనీ, ఉద్యోగం వచ్చిందనీ స్తోత్రం చెల్లిస్తాం. బిడ్డను పోగొట్టుకున్నామె వెనక బెంచీలో తల వంచుకుని కూర్చోవడం చూశాను. అలాగని కృతజ్ఞత నోరు నొక్కలేం. కీర్తనల గ్రంథంలో స్తుతితో పాటు, దేవా నన్నెందుకు విడిచావన్న ఏడుపూ ఉంది. ఆ ఏడుపుకు కూడా మా ఆరాధనలో చోటు ఉండాలి. భాస్కర్ గారూ, రాత్రంతా మేలుకుని ఊళ్లు ఖాళీ చేయించిన ఉద్యోగిలో దేవుడు పనిచేశాడని నేననుకుంటే ఆయన కష్టం తగ్గిపోదు.

భాస్కర్:
తగ్గదు. కానీ ఆ ఉద్యోగికి మరో మనిషినీ, మరో బండినీ ఇమ్మని అడగవలసిన చోట మనం దండం పెట్టి ఊరుకుంటామేమోనన్నదే నా బెంగ.

దివిసీమ మనవడు:
ఆ బెంగ నాకూ ఉంది. అందుకే తుపాన్ల కాలం మొదలవకముందే మా గుడి కమిటీ వాళ్లం షెల్టరుకు వెళ్లి తాళం ఎవరి దగ్గరుందో, జనరేటరు తిరుగుతుందో లేదో చూస్తాం. లోపముంటే పంచాయతీలో అర్జీ పెట్టి, పని అయ్యేదాకా వెంటపడతాం. మా పూజారి గారు దాన్ని కూడా కైంకర్యమనే అంటారు. మీరు ఏ పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు, ఈసారి మాతో రండి.