పెయింటింగ్‌లో ఉన్నది అదే చర్చేనా? గోడలు కలవట్లేదు

స్రవంతి_క్రాకోవ్:
పోలండ్‌లోని క్రాకోవ్‌లో మాస్టర్స్ చేస్తున్నా, రెండో ఏడాది. ఇక్కడ మెయిన్ స్క్వేర్‌లో ఒక టవర్ పొడుగ్గా, ఇంకోటి పొట్టిగా ఉండే ఇటుకల చర్చి ఉంది కదా, మరియాట్స్కీ చర్చి, దాని లోపలి దృశ్యాన్ని అలెక్సాందర్ గ్రిగ్లెవ్‌స్కీ అనే పంతొమ్మిదో శతాబ్దం పెయింటర్ ఆయిల్‌లో వేశాడు. నెట్‌లో చూసి తెగ నచ్చేసి, అమ్మకి ఫ్రేమ్ కట్టించి పంపుదామని పెద్ద సైజులో ప్రింట్ తీయించా. రూమ్మేట్ చూసి "ఇది మన చర్చి కాదే" అంది. చెక్క బలిపీఠం అదే. కానీ అసలు చర్చిలోకి వెళ్తే ముదురు నీలం కప్పు, దాని మీద బంగారు నక్షత్రాలు, గోడల నిండా దేవదూతలు. ప్రింట్‌లో అవేవీ లేవు! ఆయన ఓపిక లేక వదిలేశాడా, నేనే వేరే చర్చి బొమ్మ తీయించానా? డబ్బులు బూడిదలో పోశానేమోనని టెన్షన్.

పాత_కెమెరా:
చర్చి అదేనండి, రంగులే తర్వాత వచ్చాయి. మీరు చూసిన నీలం, నక్షత్రాలు, దేవదూతలు అన్నీ యాన్ మాతేయ్‌కో అనే పోలిష్ పెయింటర్ డిజైన్, 1889–1891లో వేసినవి. గోడల మీద పనిచేసిన ఆయన శిష్యుల్లో విస్పియాన్‌స్కీ, మేహోఫర్ కూడా ఉన్నారు, తర్వాత ఇద్దరూ పెద్ద పేరున్న ఆర్టిస్టులయ్యారు. మీ గ్రిగ్లెవ్‌స్కీ 1879లోనే పోయాడు, ఇంకా పుట్టని నక్షత్రాలు ఎక్కణ్నుంచి తెస్తాడు పాపం. ఆయన చూసింది 18వ శతాబ్దంలో బరోక్ పద్ధతిలో (ఆడంబరమైన అలంకరణల శైలి) మార్చేసిన లోపలి భాగం, ఆ మార్పుల్లో చాలావాటిని మాతేయ్‌కో కాలపు మరమ్మతుల్లోనే తీసేశారు. బలిపీఠం మాత్రం వీట్ స్త్వోష్ అనే శిల్పి 1477–1489లో చేసింది, అందుకే రెండుచోట్లా అదే కనిపిస్తోంది.

గోదారి_గట్టు:
అంతా కరెక్టేగానీ పెయింటింగ్‌ని ఫొటోలా నమ్మేయకండి. అప్పుడు పోలండ్ అనే దేశం మ్యాప్‌లోనే లేదు, క్రాకోవ్ 1846 నుంచి ఆస్ట్రియా చేతిలో ఉంది, 1918 దాకా అంతే. దేశం లేనప్పుడు పాత చర్చీలు, రాజుల సమాధులే జనానికి మిగిలిన ఆస్తి, అలాంటి బొమ్మలకి గిరాకీ ఊరికే రాలేదు. మాతేయ్‌కో 1874లో వేసిన సిగిస్మండ్ గంట (ఇక్కడి కెథెడ్రల్‌లోని పెద్ద గంట) పెయింటింగే చూడండి, అందులో జరిగేది 1521 నాటి సంగతి. కాబట్టి చర్చి లోపల నిలబడ్డ మనుషుల్ని, బట్టల్ని చూసి కాలం లెక్కకట్టొద్దు. నేనైతే వాటిని సగమే నమ్ముతా.

పాత_కెమెరా:
మనుషుల విషయంలో ఒప్పుకుంటా. కట్టడం దగ్గర మాత్రం గ్రిగ్లెవ్‌స్కీ గట్టివాడు, పర్‌స్పెక్టివ్ (లోతు, దూరం సరిగ్గా కనిపించేలా గీయడం) అంటే పిచ్చి. మాతేయ్‌కోకే ఆ విషయంలో సాయం చేసేవాడు. అన్నట్టు స్క్వేర్ బయటి బొమ్మలైతే ఇంకో గుర్తుంది: కవి మిత్స్‌కియేవిచ్ విగ్రహం పెట్టింది 1898లో. చర్చి దగ్గర అది ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే బొమ్మ అంతకుముందుది అయ్యే అవకాశం ఎక్కువ. 1940లో జర్మన్లు కూలగొట్టి, 1955లో మళ్లీ నిలబెట్టే దాకా కూడా లేదనుకోండి, ఆ మెలిక ఒకటుంది.

స్రవంతి_క్రాకోవ్:
థ్యాంక్సండి ఇద్దరికీ. ఇవాళ టికెట్ కొని పక్క తలుపులోంచి వెళ్లా, 11:50కి బలిపీఠం రెక్కలు తెరిచారు. ఫోన్‌లో పెయింటింగ్ పెట్టుకుని అటూ ఇటూ చూస్తూ నిలబడ్డా. మధ్యలో మరియమ్మ మోకాళ్ల మీద వాలిపోతుంటే ఏసు శిష్యుడొకడు పట్టుకుని ఉంటాడు, ఆమె చేతులు చచ్చుబడినట్టు కిందికి వేలాడుతుంటాయి, చెక్కలో అంత మెత్తదనం ఎలా తెచ్చాడో! ఇన్నాళ్లూ కప్పు మీద నక్షత్రాలు చూస్తూ దీన్ని సరిగా చూడనేలేదు. మెడ పట్టేసింది గానీ ప్రింట్ మీద అనుమానం పోయింది. అమ్మకి రెండూ వాట్సాప్ చేస్తే నక్షత్రాలున్న ఫొటోనే ఫ్రేమ్ కట్టించమంది. గ్రిగ్లెవ్‌స్కీ నా రూమ్ గోడకే.