ఎద్దు పుండు కాకికి ముద్దు: ‘ముద్దు’ అనాలా, ‘ముద్దా?’ అనాలా?

అప్పులిచ్చి జనాన్ని పీల్చేవాళ్ళ గురించి రాసేటప్పుడు ఈ సామెతను ఏ రూపంలో వాడాలని ఈ చర్చలో విజయవాడ మేడమ్ గారు అడిగారు. నాకు తెలిసింది రాస్తున్నాను. రెండు రూపాలూ వాడుకలో ఉన్నవే. కానీ అర్థం ఒకటి కాదండీ. ‘ముద్దా?’ అని ప్రశ్నగా అంటే ఎద్దు బాధ కాకికి పట్టదని అర్థం. ‘ముద్దు’ అని తేల్చి చెబితే ఆ బాధే కాకికి తిండి అని అర్థం. పట్టించుకోకపోవడం వేరు, పొడుచుకుని తినడం వేరు. నా ఓటు ‘ముద్దు’కే.

కారణం గుంటూరు వైపు ఒక పశువుల సంతలో కళ్ళారా చూశాను. మా బాబాయి ఎద్దుల జత కోసం వెళ్తుంటే నేనూ వెళ్ళాను. ఎండ ముదరకముందే బేరాలు సగం అయిపోతాయక్కడ. కొనేవాళ్ళు ముందు నోరు తెరిచి పళ్ళు చూస్తారు, తర్వాత నడిపించి కాళ్ళు చూస్తారు, కాడికి దాపల (ఎడమ పక్క) అలవాటా వలపల (కుడి పక్క) అలవాటా అని అడుగుతారు. ధర మాత్రం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని. ఓ పక్కగా కట్టేసిన ముసలి ఎద్దు మెడ మీద పసుపు దట్టంగా మెత్తి ఉంది. పసుపు కింద నుంచి తడి ఊరుతూనే ఉంది. కాడి ఒరుసుకుని పడిన పుండు.

కాకి వచ్చి మూపురం మీద వాలింది. ఎద్దు తల విదిలించింది, చెవులు ఆడించింది, తోక విసిరింది. తోక నడుము దాకానే వచ్చింది. మెడ తిప్పి నాలుక చాపితే భుజం దాకానే. కొమ్ములు ఎటు తిప్పినా అటు తగలవు. కాడి సరిగ్గా ఎక్కడ కూర్చుంటుందో, తన ఒంట్లో ఆ చోటే ఎద్దుకు అందదు. కాకి తీరిగ్గా పొడిచింది. నేను అదిలిస్తే ఎగిరి పాక మీద కూర్చుంది, నేను పక్కకు జరగగానే మళ్ళీ వచ్చింది. ఈ సామెత కట్టినవాళ్ళు ఇదంతా దగ్గర నుంచి చూసినవాళ్ళే అని నాకు అనిపించింది. ఆవు పుండనో మేక పుండనో కాకుండా ఎద్దు పుండు అన్నారంటే ఊరికే అనలేదు.

ఇక ఈ చర్చలోనే ఒకరు ఒంటె మీద మనకు సామెతలు ఎందుకు తక్కువ అని అడిగారు. మనకు దానితో సేద్యం లేదు, బతుకు లేదు. పాత తెలుగులో లొట్టిపిట అని ముచ్చటైన పేరైతే ఉంది గానీ, విజయవాడలో ఎప్పుడైనా ఊరేగింపులోనో పిల్లల సవారీకో కనబడితే చూడటమే. పని ఒంటెల కష్టం చూడాలంటే రాజస్థాన్ వెళ్ళాలి. కార్తీక పౌర్ణమికి జరిగే పుష్కర్ సంతకు వెళ్ళాను నేను. ఎద్దుకు ముక్కుతాడు రెండు ముక్కుపుటాల మధ్య గోడలోంచి వెళ్తుంది కదా, ఒంటెకు ముక్కు పక్క రెక్కలోంచి పుల్ల గుచ్చి దానికి తాడు కడతారు. లాగినప్పుడల్లా ఆ చోటు పచ్చిగా ఎర్రబడటం దగ్గరగా చూశాను. ఎద్దు నొప్పిని మింగేస్తుంది, ఒంటె బరువెత్తేటప్పుడు గట్టిగా అరుస్తుంది. అరిచినందుకు దాన్ని మొండిదంటారు, పొగరంటారు. నాకు అది అస్సలు నచ్చలేదు.

 

మళ్ళీ సామెతకు వస్తాను. తెనాలి మాస్టారు ఇందాక ఈ చర్చలోనే ఒక మంచి మాట రాశారు: “ఇందులో కాకిని తిడుతున్నాం సరే, పుండు చేసింది కాకి కాదు కదా!” నూటికి నూరుపాళ్ళు నిజం మాస్టారూ. ఎద్దూ కాకీ ఇద్దరే ఉన్న మాటలో కాడి వేసినవాడు కనబడడు. చట్టం మాత్రం అతన్నే పట్టుకుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్‌లో పుండు మాట స్పష్టంగా ఉంది. ముసలితనం, జబ్బు, గాయం, పుండు వల్ల పనికి తగని పశువు చేత పని చేయించడం నేరం. 1965 నాటి నియమాలు ఇంకా వివరంగా ఉన్నాయి. రోజుకు 9 గంటలకు మించి పని వద్దు, మధ్యలో విశ్రాంతి లేకుండా 5 గంటలు దాటకూడదు, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి కట్టకూడదు, ఒంటె మీద 250 కిలోలకు మించి వేయకూడదు. మన గుంటూరు, విజయవాడ ఎండల సంగతి తెలిసిందే. ఆ మధ్యాహ్నం నియమం ఒక్కటి పాటించినా వేసవిలో మధ్యాహ్నం పూట రోడ్డు మీద ఎద్దుబండి కనబడకూడదు.

అందుకే అప్పులిచ్చి జనాన్ని పీల్చేవాళ్ళ గురించి రాసేటప్పుడు ‘ముద్దు’ రూపమే వాడమంటాను. ‘ముద్దా?’ అంటే వాళ్ళకు ఊరికే పట్టడం లేదన్నట్టు తేలికైపోతుంది.

ఇంకో సంగతి. సంతలో బాబాయి ఆ ఎద్దు యజమానికి వేపనూనెలో కర్పూరం కలిపి రాయమని, పుండు మానేదాకా కాడి దించమని చెప్పాడు. అప్పుడు బాబాయి వాడిన మాట ‘కాడి పుళ్ళు’. పండు, పళ్ళు లాగే పుండు, పుళ్ళు. మా వైపు పుండ్లు అనేవాళ్ళు తక్కువే. పల్నాడులో, దివిసీమలో, బాపట్ల వైపు ఈ మెడ పుండుకు వేరే పేరేమైనా ఉందా? సేద్యం చేసిన ఇళ్ళవాళ్ళు పెద్దల్ని అడిగి రాస్తారా?