అప్‌డేట్: ఎక్సెల్ షీట్ ఇప్పుడు చదవగలిగేలా ప్రింట్ అవుతోంది

కర్నూలు మార్కెట్ యార్డులో మా ఉల్లి కమీషన్ దుకాణం లెక్కల షీట్‌ను ఒకే పేజీకి సరిపెట్టి ప్రింట్ ఇస్తే అక్షరాలు మరీ చిన్నగా వస్తున్నాయని అడిగాను కదా, ఆ టెన్షన్ తీరింది. సలహా ఇచ్చిన అన్నలందరికీ చాలా థ్యాంక్స్.

మీరు చెప్పినట్టే కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే కర్సర్ ఎక్కడో కుడి చివరికి పోయింది, అక్కడ ఒక సెల్‌లో ఉత్త చుక్క ఉంది, దాన్ని కూడా పేజీలో ఇరికించడానికి ఎక్సెల్ మొత్తం షీట్‌ని కుదించేస్తోంది. ఆ కాలమ్స్ డిలీట్ చేసి, రైతు పేరు నుంచి చెల్లింపు దాకా ఉన్న భాగాన్నే ప్రింట్ ఏరియాగా పెట్టాను.

అసలు తేడా మాత్రం పేజ్ లేఅవుట్‌లో విడ్త్ 1 పేజీ, హైట్ ఆటోమేటిక్ అని పెట్టాకే కనిపించింది. వెడల్పు ఒక్క పేజీలో ఇముడుతుంది, పొడవు ఎన్ని పేజీలైనా పోతుంది. పొడుగు షీట్‌కు రెండూ 1 పెట్టొద్దు, రైతు చేతికిచ్చే కాగితం ఆయన చదవగలగాలి. ప్రింట్ టైటిల్స్‌లో మొదటి వరుస ఇస్తే హెడ్డింగులు ప్రతి పేజీలో వస్తాయి.

ఇంకొకటి, ఇలా పేజీకి సరిపెడితే (ఫిట్ పెడితే) మనం చేత్తో పెట్టిన పేజ్ బ్రేకులను, అంటే ఇక్కడి నుంచి కొత్త పేజీ అని పెట్టిన గుర్తులను, ఎక్సెల్ పట్టించుకోదు. ఊరికొక పేజీ కావాలంటే ఫిట్ తీసేసి స్కేల్ శాతమే తగ్గించుకోవాలి.