మోటర్ షాపుకు వచ్చే ఫోన్లు తప్పిపోతున్నాయి, ఐవీఆర్ పెట్టించాలా?

ప్రశ్న: మోటర్ వైండింగ్, కళ్యాణదుర్గం

అందరికీ నమస్కారం. మాది కళ్యాణదుర్గంలో మోటర్ వైండింగ్, బోరు స్పేర్ల షాపు. నేను, మా తమ్ముడు చూసుకుంటాం. బోర్డు మీద మూడు సెల్ నంబర్లు రాయించాం: నాది, తమ్ముడిది, మెకానిక్‌ది. ఎండాకాలం వచ్చిందంటే పొద్దున్నే మొదలయ్యే ఫోన్లు ఒక పట్టాన ఆగవు. కరెంటు రాగానే రైతు మోటర్ ఆన్ చేస్తాడు, నీళ్లు పడకపోతే వెంటనే మాకే చేస్తాడు. అప్పటికి నా ఫోన్ ఎంగేజ్, తమ్ముడు బేరంలో ఉంటాడు, మెకానిక్ ఎక్కడో బోరు దగ్గర సిగ్నల్ లేనిచోట ఉంటాడు. మూడు నంబర్లూ చేసి చూసి రైతు వేరే షాపుకు పోతాడు. చీనీ (బత్తాయి) తోట ఎండిపోతుంటే ఎవరైనా ఎంతసేపు ఆగుతారు?

మొన్న ఒకాయన వచ్చి టోల్ ఫ్రీ నంబరు, దానికి ఐవీఆర్, అంటే "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని మెషిన్ చెప్పేది, పెట్టించుకోమన్నారు. ఏడాది డబ్బులు ముందే కట్టాలట. మా రైతుల్లో చాలామంది పెద్దవాళ్లు, కీప్యాడ్ ఫోన్లు వాడేవాళ్లు. మెషిన్ మాట్లాడితే పెట్టేస్తారేమోనని నా టెన్షన్. పైగా నా పాత నంబరు ఊరూరా తెలుసు, అది పోకూడదు. ఈ పని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

జవాబు: ఈపీఏబీఎక్స్ టెక్నీషియన్, హైదరాబాద్

అన్నా, ఆఫీసులకూ ఆసుపత్రులకూ ఇంటర్‌కామ్, ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్లను కలిపే చిన్న ఎక్స్ఛేంజ్) బిగించడం నా పని. ఈమధ్య ఎక్కువగా సర్వర్ మీద నడిచే క్లౌడ్ (వర్చువల్) నంబర్లే పెడుతున్నాను. మీరు రాసింది చూస్తే మీకు ముందు కావాల్సింది హంటింగ్, ఐవీఆర్ సంగతి తర్వాత. ల్యాండ్‌లైన్ల రోజుల్లో నాలుగైదు లైన్లున్న ఆఫీసు కూడా బయటికి ఒకే నంబరు ఇచ్చేది. మొదటి లైను ఎంగేజ్ అయితే ఎక్స్ఛేంజే కాల్‌ను రెండోదానికి పంపేది. ఇప్పుడు అదే పనిని సెల్ ఫోన్ల మధ్య సర్వర్ చేస్తుంది.

ఒక వర్చువల్ నంబరు తీసుకోండి. దానికి సిమ్ ఉండదు. దానికి వచ్చిన కాల్ ముందు తమ్ముడికి మోగుతుంది, ఆయన ఎత్తకపోతే ఇంట్లో ఇంకొకరికి మోగుతుంది. ఎవరూ ఎత్తకపోతే ఆ రైతు నంబరు, చేసిన టైముతో సహా మిస్డ్ కాల్స్ లిస్టులో పడుతుంది. నా లెక్కలో డబ్బు పెట్టాల్సింది ఆ లిస్టు కోసమే. ఇప్పుడైతే మీ ముగ్గురి ఫోన్లలో ఎవరి మిస్డ్ కాల్స్ వాళ్లవే. తిరిగి చేశారో లేదో ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు.

పాత నంబరు మార్చొద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ ఉంటుంది. బిజీగా ఉన్నప్పుడు, ఎత్తనప్పుడు, సిగ్నల్ అందనప్పుడు అని అందులో మూడు విడివిడిగా ఉంటాయి. మూడింటికీ వర్చువల్ నంబరు ఇవ్వండి. అన్ని కాల్స్ అనే ఆప్షన్ మాత్రం ముట్టుకోవద్దు, అది నొక్కితే మీ ఫోన్ అసలు మోగదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వర్చువల్ నంబరు మోగించే వరుసలో మళ్లీ మీ పాత నంబరు పెట్టించొద్దు. మీరు బిజీగా ఉంటే కాల్ అక్కడికి వెళ్లి, తిరిగి మీకే వచ్చి, గిరగిరా తిరిగి కట్ అవుతుంది. ఫార్వర్డ్ అయిన కాల్ ఖర్చు మీ సిమ్ మీదే పడుతుంది, ప్యాక్‌లో కలుస్తుందో లేదో ముందే అడగండి.

1800 టోల్ ఫ్రీ మీకు అక్కర్లేదు. చేసినవాళ్లకు ఖర్చుండదు కానీ నిమిషానికి ఇంత అని మీరు కట్టాలి. అన్‌లిమిటెడ్ ప్యాక్ వేసుకున్న రైతుకు దాంతో కలిసొచ్చేదేమీ లేదు. నెలనెలా కట్టే ప్లాన్ అడిగి, సీజన్‌లో ఒక నెల వాడి చూడండి. కొన్ని సిస్టమ్‌లలో మీ ఫోన్ మీద రైతు నంబరు బదులు వర్చువల్ నంబరే కనిపిస్తుంది. మెకానిక్ తిరిగి చేయాలంటే పెద్ద ఇబ్బంది. డబ్బు కట్టకముందే వాళ్ల ముందు ఒక కాల్ చేయించి చూసుకోండి.

జవాబు: ఆసుపత్రి రిసెప్షన్, నెల్లూరు

అన్నయ్యా, కీప్యాడ్ ఫోన్లో కూడా అంకెలు నొక్కితే పనిచేస్తుంది, నెట్ అక్కర్లేదు. అయితే నేను పనిచేసే చోట మెనూ పొడుగ్గా ఉండేది. ముసలివాళ్లు ఏదీ నొక్కకుండా వింటూ వింటూ పెట్టేసేవాళ్లు. దగ్గరుండి చూశాను కాబట్టి చెబుతున్నా, పెడితే రెండే పెట్టండి. గొంతు కూడా మీదే రికార్డు చేయించండి, మీ యాసలోనే: "మోటర్ కాలిపోయింటే ఒకటి నొక్కండి. స్పేర్లకైతే రెండు. ఏమీ నొక్కకపోయినా మేమే మాట్లాడతాం, పెట్టొద్దు." ఏమీ నొక్కకపోతే కొన్ని సెకన్లలో మనిషికి కలిసేలా సెట్ చేస్తారు, అది తప్పక అడగండి. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108కి చేస్తే మనిషే మాట్లాడతాడు. ప్రాణం మీదికొచ్చినవాడు మెనూ వినలేడు. కాయ మీదున్న తోట ఎండిపోతుంటే మీ రైతు పరిస్థితీ అంతే.

మోటర్ వైండింగ్, కళ్యాణదుర్గం

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఐవీఆర్ ఇప్పుడే వద్దు, ముందు వర్చువల్ నంబరు తీసుకుంటాం. ఇంటి దగ్గర మా మరదలు ఎత్తుతానంది. కానీ ఆమెకు మోటర్ల గురించి తెలియదు. ఏమేం అడగాలో కాగితం మీద రాసివ్వాలి.

జవాబు: చీనీ రైతు, రాప్తాడు

అన్నా, ఫోన్ చేసేవాడిగా నేను చెబుతా. ఊరు, పేరు, తోటకు దారి ముందు రాసుకోమను. తర్వాత ఎన్ని హెచ్‌పీ, ఎన్ని పైపులు దింపారు, స్టార్టర్ ఆన్ చేస్తే పడిపోతోందా, లేక మోటర్ తిరుగుతున్నా నీళ్లు రావడం లేదా. ఈ మాత్రం తెలిస్తే మోటర్ లేపే బండి కావాలో, మెకానిక్ ఒక్కడే వస్తే సరిపోతుందో మీకు అర్థమవుతుంది. ఇంట్లో పిల్లోని దగ్గర టచ్ ఫోన్ ఉంటే ప్యానెల్ బోర్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. ఎప్పుడొస్తారో కూడా ఆమే చెప్పాలి. మాకు కరెంటు పగలు తొమ్మిది గంటలు. మధ్యాహ్నం రెండుకు వస్తామంటే ఆగుతాం, రేపంటే రేపు. "కనుక్కుని చెబుతా" అని పెట్టేస్తే మాత్రం ఇంకో షాపుకు చేస్తాం.