2019 ఎస్‌ఈసీ క్వార్టర్‌బ్యాక్‌లు: బర్రో మేటియా, టువా మేటియా?

శనివారపు ప్రేక్షకుడు:
2019 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో ఎస్‌ఈసీ (ఆగ్నేయ రాష్ట్రాల విశ్వవిద్యాలయాల లీగ్) జట్లను నడిపిన క్వార్టర్‌బ్యాక్‌లలో, అంటే బంతి విసిరి దాడిని నడిపేవారిలో, మేటి ఎవరన్న ప్రశ్న, ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆటగాడు జో బర్రోకు దక్కడంతోనే తేలిపోయిందని చాలామంది అంటారు. నాకు మాత్రం ఒక అంకె అడ్డు తగులుతోంది. అలబామా ఆటగాడు టువా టాగోవైలోవా విసిరిన ఒక్కో పాస్‌కు సగటున 11.3 గజాలు వచ్చాయి, బర్రోకు 10.8 వచ్చాయి. పాస్‌ల ఫలితాలన్నిటినీ ఒక్క అంకెలో చెప్పే పాసర్ రేటింగ్‌లోనూ టువాది 206.9, బర్రోది 202.0. ట్రోఫీని, జాతీయ టైటిల్‌ను కాసేపు పక్కన పెట్టి, బంతి విసిరే పనిలో ఎవరు మెరుగో చెప్పండి.

టస్కలూసా పాతకాపు:
నా ఓటు టువాకే. 252 పాస్‌లలో 33 టచ్‌డౌన్లు (గోల్ గీత దాటిన స్కోర్లు) ఇచ్చి, ప్రత్యర్థి చేతికి మూడంటే మూడు బంతులు మాత్రమే పోగొట్టుకున్నవాడిని ఎలా పక్కన పెడతాం? అక్టోబర్ 19న టెనసీతో ఆడుతూ చీలమండకు దెబ్బ తగిలి, శస్త్రచికిత్స చేయించుకుని, మూడు వారాలకే నవంబర్ 9న ఎల్‌ఎస్‌యూ ముందు నిలబడి 418 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు సాధించాడు. తర్వాత తుంటి దెబ్బతో అతను దూరమయ్యాక, ఆ లోటు ఆబర్న్ మ్యాచ్‌లో తెలిసింది. ఆ రోజు అతని బదులు ఆడిన మాక్ జోన్స్ విసిరిన రెండు పాస్‌లను ఆబర్న్ అందుకుని నేరుగా టచ్‌డౌన్లుగా మార్చుకుంది, అలబామా 48-45తో ఓడింది.

లెక్కల మాస్టారు:
పాతకాపు గారూ, సగటు చెప్పేటప్పుడు ఎన్నింటి మీద తీసిన సగటో కూడా చెప్పాలి. టువా ఆడినవి తొమ్మిది మ్యాచ్‌లు, వాటిలో డ్యూక్, న్యూ మెక్సికో స్టేట్, సదర్న్ మిస్ వంటి జట్లున్నాయి. నిజంగా అగ్రశ్రేణికి చెందిన ప్రత్యర్థి ఎల్‌ఎస్‌యూ ఒక్కటే. బర్రో 15 మ్యాచ్‌లలో 527 పాస్‌లు విసిరి 402 పూర్తి చేశాడు, అంటే 76.3 శాతం. టెక్సాస్, ఫ్లోరిడా, ఆబర్న్, అలబామా, జార్జియా, ఓక్లహోమా, క్లెమ్సన్‌లను ఎదుర్కొన్న తర్వాత కూడా నిలిచిన శాతం అది. తొమ్మిది మ్యాచ్‌ల వేగాన్ని పదిహేను మ్యాచ్‌ల వేగంతో పోల్చడం నాకు సబబుగా తోచదు.

నా మనసు మార్చినది మాత్రం అంకె కాదు, టెక్సాస్ మ్యాచ్‌లోని ఒక్క పాస్. నాలుగో క్వార్టర్ చివర, ఎల్‌ఎస్‌యూ 37-31తో ముందుంది. మూడో డౌన్ (నాలుగు ప్రయత్నాలలో మూడోది), ఇంకా 17 గజాలు కావాలి. అక్కడ బంతిని పోగొట్టుకోకుండా జాగ్రత్తపడి, తర్వాత పంట్ చేసేస్తారని (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేస్తారని) ఎవరైనా అనుకుంటారు. టెక్సాస్ రక్షకులు మీదికి దూకుతుంటే బర్రో పక్కకు జరిగి, ముందుకు రెండడుగులు వేసి, దూసుకొస్తున్నవారి మీద నుంచి రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) జస్టిన్ జెఫర్సన్‌కు బంతి అందించాడు. అది 61 గజాల టచ్‌డౌన్ అయింది. రేటింగ్ సూత్రంలో ఇది, 40 పాయింట్ల ఆధిక్యంలో వచ్చిన 61 గజాల పాస్‌తో సమానం.

టస్కలూసా పాతకాపు:
ఒప్పుకుంటాను, అయితే ఆ జెఫర్సన్‌ను, 1,780 గజాలు అందుకున్న జమార్ చేస్‌ను కూడా లెక్కలోకి తీసుకోండి. ప్రొఫెషనల్ జట్టు సెయింట్స్ నుంచి వచ్చి ఎల్‌ఎస్‌యూ పాసింగ్ ఆటను తిరగరాసిన కోచ్ జో బ్రాడీని మరువకండి. ఇదే బర్రో 2018లో 57.8 శాతం పాస్‌లు పూర్తి చేసి 16 టచ్‌డౌన్లతో ఆగాడు. ఏడాదిలో 16 నుంచి 60కి చేరడంలో పద్ధతి వాటా ఎంత, మనిషి వాటా ఎంత?

లెక్కల మాస్టారు:
రిసీవర్ల వాదన మీకే ఎదురు తిరుగుతుంది. జూడీ, రగ్స్, వాడిల్, డెవాంటా స్మిత్, టువా పాస్‌లు అందుకున్న ఈ నలుగురూ తర్వాత డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్ల ఆటగాళ్ల ఎంపిక) మొదటి రౌండ్‌లోనే వెళ్లారు. బ్రాడీ విషయంలో మాత్రం మీ ప్రశ్నకు నా దగ్గర సూటి జవాబు లేదు.

గేన్స్‌విల్ గేటర్:
మధ్యలో ఒక మాట. తొమ్మిదో తరగతి తర్వాత ఒక్క మ్యాచ్‌నూ మొదటి నుంచి ఆడని కైల్ ట్రాస్క్, క్వార్టర్‌బ్యాక్ ఫ్రాంక్స్ గాయపడటంతో వచ్చి ఫ్లోరిడాను నడిపాడు. మూడో పేరుగానైనా రాయండి. జార్జియా క్వార్టర్‌బ్యాక్ జేక్ ఫ్రామ్ గురించి జార్జియావారే మౌనంగా ఉన్నారు కాబట్టి నేనూ మాట్లాడను.

శనివారపు ప్రేక్షకుడు:
ఇవన్నీ చదివి నవంబర్ 9 నాటి అలబామా, ఎల్‌ఎస్‌యూ మ్యాచ్‌ను మళ్లీ చూశాను. టువా 40 పాస్‌లలో 21 పూర్తి చేస్తే, బర్రో 39లో 31 పూర్తి చేశాడు. మొదటి దాడిలోనే గోల్ గీత సమీపంలో ఎవరూ తాకకుండానే టువా చేతి నుంచి బంతి జారింది. మొదటి సగం ముగిసేసరికి ఎల్‌ఎస్‌యూ 33-13తో ముందుంది. అతని 418 గజాలలో 85, ఆట దాదాపు అయిపోయాక స్మిత్‌కు ఇచ్చిన ఒక్క పాస్‌వి. నేను పట్టుకున్న సగటు అలాంటి పాస్‌లతోనే పెరుగుతుందని ఇప్పుడు అర్థమైంది. చీలమండ నొప్పిని ఎంత మన్నించినా, నా ఓటును బర్రోకు మార్చుకుంటున్నాను.

అయినా ఒక వెలితి మిగిలింది. ఆ ఏడాది బర్రో జట్టును 23 పాయింట్లకే ఆపిన ఒకే ఒక్క డిఫెన్స్ ఆబర్న్‌ది. మిసిసిపీ స్టేట్‌పై అలబామా 35-7తో ముందున్నప్పుడు తుంటి దెబ్బ తగలకపోయి ఉంటే, రెండు వారాల తర్వాత అదే డిఫెన్స్ ఎదుట టువా నిలబడేవాడు.