నెట్ పోతే మోటరు ఆగుతుందా? తిరుపతి ఇంటికి స్మార్ట్ సామాను పెట్టించే ముందు సలహా కావాల

బైరాగిపట్టెడ_మిద్దె అడిగింది:

అన్నలందరికీ నమస్కారం. తిరుపతిలో రెండంతస్తుల ఇల్లు. అమ్మ, నాయన ఇద్దరే ఉంటారు. నేను బెంగళూరులో ఉంటా. ఇంటికి స్మార్ట్ సామాను పెట్టే ఒకాయన కొటేషన్ ఇచ్చినాడు. అందులో ఉండేవి ఇవీ: 14 స్విచ్‌లకు వైఫై మాడ్యూళ్లు, 3 కిలోవాట్ల గీజరుకు 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు, సంపులోంచి మిద్దె పైన 1000 లీటర్ల ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటరుకు వైఫై రిలే (ఫోన్‌తో ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్), నాలుగు వైఫై కెమెరాలు (రికార్డింగ్ అంతా క్లౌడ్‌లోనే, నెలనెలా చందా), వాకిలికి యాప్ లాక్. అన్నీ ఒకే యాప్‌లో కనిపిస్తాయంట.

నా అనుమానాలు మూడు. నెట్ పోతే వీటిలో ఏవి పనిచేస్తాయి, ఏవి మొండికేస్తాయి? ఆ యాప్ నడిపే కంపెనీ రేపు సర్వర్ ఆపేస్తే ఇంత ఖర్చూ వృథానేనా? కరెంటు పోయి వచ్చినాక ఏమవుతుంది? ఎండాకాలం గాలివానలకు మా వీధిలో కరెంటూ నెట్టూ రెండూ కలిసే పోతాయి. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు.

కొర్లగుంట_వైరింగ్:

తమ్ముడూ, ముందు మోటరు సంగతి తేల్చుకో. ఈ జాబితాలో నిజంగా భయపడాల్సింది అదే.

నువ్వు బెంగళూరులో ఆన్ నొక్కితే ఆ మాట ముందు కంపెనీ సర్వర్‌కు పోయి, అక్కడినుంచి మీ ఇంటి రిలేకు వస్తుంది. మోటరు మొదలైనాక నెట్ పోయిందనుకో, నువ్వు నొక్కే ఆఫ్ ఇంటికి చేరదు. ట్యాంకు పొర్లుతుంది, సంపు ఖాళీ అవుతుంది, నీళ్లు లేకుండా తిరిగిన మోనోబ్లాక్‌లో సీలు కాలిపోతుంది. కాబట్టి మోటరు ఆపే పనిని యాప్‌కు వదలొద్దు. ఆపడం వైరుతోనే జరగాల.

ఎట్లంటే: మోటరు కరెంటును వైఫై రిలే గుండా పంపొద్దు. స్టార్టయ్యే క్షణంలో మోటరు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. 10 ఆంపియర్ల చిన్న రిలేలో కాంటాక్టులు అతుక్కుపోతాయి. అతుక్కున్నాక యాప్‌లో ఆఫ్ అని చూపిస్తున్నా మోటరు తిరుగుతానే ఉంటుంది. మోటర్ల కోసం ఇచ్చే ఏసీ-3 రేటింగులో 18 ఆంపియర్ల కాంటాక్టర్ (ఎక్కువ కరెంటును తట్టుకునే పెద్ద స్విచ్), దాన్ని లాగే కాయిల్ 230 వోల్టులది పెట్టించు, దానికి ఓవర్‌లోడ్ రిలే కూడా. వైఫై రిలే ఆ కాంటాక్టర్ కాయిల్‌ను మాత్రమే నడపాల. ఆ కాయిల్ వైరులోనే వరసగా రెండు ఫ్లోట్ స్విచ్‌లు రావాల: ఒకటి మిద్దె పైన ట్యాంకులో, నిండితే తెగేది, రెండోది సంపులో, అడుగంటితే తెగేది. అప్పుడు యాప్ ఏం చెప్పినా, చెప్పకపోయినా, నీళ్ల మట్టమే మోటరును ఆపుతుంది. ఫ్లోట్ వైరు నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే తెంపేది) లేకుండా ఒప్పుకోవద్దు.

దీనికి తోడు రిలేలోనే ఉండే ఆటో ఆఫ్ టైమరు పెట్టుకో. కొన్ని యాప్‌లలో దాన్ని ఇంచింగ్ అంటారు. ట్యాంకు ఖాళీనుంచి నిండేదానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసి, దానికి ఐదు నిమిషాలు కలిపి పెట్టు. ఈ టైమరు పరికరం లోపల నడిచేదే కావాల, సర్వర్‌లో నడిచే షెడ్యూల్ పనికిరాదు.

ఇంక గీజరు. 3 కిలోవాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ప్లగ్గుకు లెక్క ప్రకారం సరిపోతుంది. కానీ అంత కరెంటు అరగంట ఆగకుండా పోతా ఉంటే, సాకెట్ పిన్ను కాస్త వదులుగా ఉన్నా చాలు, అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. గీజరుకు 20 ఆంపియర్ల డీపీ స్విచ్ (ఫేజూ న్యూట్రలూ రెండూ తెంపేది) గోడకు ఉంచి, స్మార్ట్ కావాలనుకుంటే 25 ఆంపియర్ల మాడ్యూల్ వేయించు. కరెంటు తిరిగొచ్చినప్పుడు అది ఆఫ్‌లోనే ఉండేట్టు సెట్ చేయించు. ఆ సెట్టింగును పవర్ ఆన్ స్టేట్ అంటారు. ‘పాత స్థితి’ అని వదిలేస్తే, కరెంటు పోయి మధ్యరాత్రి వచ్చినప్పుడు ఎవరూ చూడకుండానే గీజరు కాగుతా ఉంటుంది.

స్విచ్‌ల విషయంలో ఒకే మాట: గోడ స్విచ్ వెనకాల కూర్చునే మాడ్యూల్ తీసుకో, స్మార్ట్ బల్బులు వద్దు. పెద్దవాళ్లు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తే స్మార్ట్ బల్బుకు కరెంటే ఉండదు, యాప్ ఎంత నొక్కినా వెలగదు. వెనకాల మాడ్యూల్ ఉంటే స్విచ్ వైర్లు దాని ఎస్1, ఎస్2 టెర్మినళ్లకు వస్తాయి కాబట్టి నెట్ ఉన్నా లేకున్నా స్విచ్ పనిచేస్తుంది. మాడ్యూల్‌కు న్యూట్రల్ కావాల. ప్లగ్ సాకెట్ ఉన్న బోర్డుల్లో అది ఉంటుంది, ఒట్టి లైటు స్విచ్‌ల బోర్డుల్లో చాలావాటికి ఉండదు. 14 పాయింట్లూ విప్పి చూసినాకే ధర మాట్లాడమని చెప్పు.

లోకల్_కంట్రోల్:

పై అన్న చెప్పిందంతా సరైనదే. నేను సర్వర్ సంగతి చెప్తాను.

కొనే ముందు ఒక పరీక్ష చేయించండి. రౌటర్‌కు వెనకనుంచి వచ్చే నెట్ వైరు మాత్రం పీకాలి. రౌటర్ ఆఫ్ చేయకూడదు, వైఫై ఉండాలి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేయాలి. ఇప్పుడు యాప్ పూర్తిగా మూసి మళ్లీ తెరిచి లైటు వేయమనండి. తర్వాత ఐదు నిమిషాల్లో మోగాల్సిన షెడ్యూల్ ఒకటి ముందే పెట్టి, అది జరుగుతుందో లేదో చూడండి. చివరగా మెయిన్ ఆపి వేసి, నెట్ లేకుండానే అదే షెడ్యూల్ మళ్లీ చూడండి.

ఈ మూడోదాంట్లోనే చాలా పరికరాలు దొరికిపోతాయి. వైఫై మాడ్యూళ్లలో బ్యాటరీ గడియారం ఉండదు. కరెంటు వచ్చినాక టైమెంతో నెట్‌లో అడిగి తెలుసుకుంటాయి. నెట్ లేకపోతే వాటికి టైమే తెలియదు, ఆరింటికి వెలగాల్సిన లైటు వెలగదు. మీ వీధిలో రెండూ కలిసే పోతాయన్నారు కాబట్టి ఇది మీకు తరచుగా ఎదురయ్యేదే.

సర్వర్ ఆపేయడం గురించి మీ భయం ఊహ కాదు. రివాల్వ్ అనే హబ్ (ఇంట్లో స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపే డబ్బా) 300 డాలర్ల వస్తువు. ఆ కంపెనీని 2014లో గూగుల్ వాళ్ల నెస్ట్ కొనింది, 2016 మేలో సర్వర్ ఆపేసింది, హబ్‌లు మూలన పడ్డాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందు మాట లేకుండా ఆగిపోయాయి. అక్కడ గమనించాల్సింది ఏమంటే, హబ్ లోపల దాచుకున్న షెడ్యూళ్లు నడిచాయి, యాప్ మాత్రం చచ్చిపోయింది. బెల్కిన్ వాళ్ల వీమో స్మార్ట్ ప్లగ్గులు, స్విచ్‌ల సర్వర్ సేవలకు 2026 జనవరి 31 గడువు పెట్టారు. ఆపిల్ వాళ్ల హోమ్‌కిట్‌కు ముందే జతచేసుకున్న వీమోలు ఇంట్లోనే నడుస్తాయి, మిగిలినవి యాప్‌కు దొరకవు. కంపెనీ బతికే ఉన్నా ఆగిపోవచ్చు: 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్‌కు చెందిన ఒక్క వర్జీనియా కేంద్రంలో డీఎన్‌ఎస్ (సర్వర్ అడ్రసు వెతికిపెట్టే వ్యవస్థ) లోపం వచ్చేసరికి అలెక్సా స్పీకర్లు, రింగ్ కెమెరాలు రెండూ తడబడ్డాయి. ఇంట్లో నెట్ బాగానే ఉంది, వైరింగు బాగానే ఉంది, అయినా లైటు వెలగలేదు.

దారి ఏమిటంటే, ఇంట్లోనే మాట వినే పరికరాలు కొనడం. డబ్బా మీద మ్యాటర్ (వేర్వేరు కంపెనీల పరికరాలకు ఉమ్మడి ప్రమాణం) గుర్తు ఉంటే ఇంటి నెట్‌వర్క్‌లోనే ఆదేశాలు తీసుకుంటుంది. షెల్లీ కంపెనీ మాడ్యూళ్లకు సొంత వెబ్ పేజీ ఉంటుంది, ఖాతా లేకుండా బ్రౌజర్‌లోనే నడపొచ్చు. టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రిలేలు కూడా అంతే. మోటరుకు టాస్మోటా వాడితే పల్స్‌టైమ్ అనే సెట్టింగు ఉంది: సెకన్లకు 100 కలిపి రాయాలి. 30 నిమిషాలంటే 1800 సెకన్లు, కాబట్టి 1900 అని పెట్టాలి. పవర్‌ఆన్‌స్టేట్ 0 పెడితే కరెంటు వచ్చినాక ఆఫ్‌లోనే ఉంటుంది.

మన దగ్గర అమ్మే చవక మాడ్యూళ్లు ఏ పేరుతో ఉన్నా, వాటిలో చాలావాటి లోపల ఉండేది తూయా అనే కంపెనీ ప్లాట్‌ఫామే. వాటిని లోకల్ కీ అనే రహస్య సంఖ్యతో, ఇంటి కంప్యూటర్లోనే పరికరాలన్నీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు కలపొచ్చు. కానీ ఆ కీ తెచ్చుకోవడానికి ఒకసారి వాళ్ల సర్వర్ కావాలి, పరికరాన్ని రీసెట్ చేసి మళ్లీ జతచేస్తే కీ మారిపోతుంది. ఇప్పటికే కొన్నవాళ్లకు ఇది పర్వాలేదు. కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పను.

బైరాగిపట్టెడ_మిద్దె:

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. మోటరుకు కాంటాక్టరు, రెండు ఫ్లోట్‌లు ఖాయం చేసేసినా. కెమెరాలు, లాక్ గురించి ఎవరైనా చెప్తారా? ఇంకొకటి, అన్నీ ఇంట్లోనే నడిస్తే బెంగళూరునుంచి నేను చూసేదెట్లా?

అలిపిరి_సీసీటీవీ:

వైఫై కెమెరా, క్లౌడ్ చందా కలిపితే మూడు బలహీనతలు. నెట్ పోతే రికార్డింగ్ లేదు. చందా ఆపితే పాత వీడియో లేదు. మీ ఇంటి లోపలి దృశ్యం వేరేవాళ్ల కంప్యూటర్లో ఉంటుంది. మూడోది చిన్న విషయం కాదు: 2024 ఫిబ్రవరిలో వైజ్ అనే కెమెరాల కంపెనీ సేవ ఆగి తిరిగి మొదలైనప్పుడు, సుమారు 13,000 మందికి వేరేవాళ్ల కెమెరా బొమ్మలు కనిపించాయి. అమ్మానాయనా తిరిగే హాల్లో, పడగ్గదిలో కెమెరా పెట్టొద్దు. వాకిలి, మెట్లు, సంపు, వెనక సందు, ఈ నాలుగు చాలు.

వైఫై బదులు పీఓఈ కెమెరాలు, ఒక ఎన్‌వీఆర్ (వీడియోను ఇంట్లోనే దాచే రికార్డర్ డబ్బా) తీసుకోండి. ఒక్క క్యాట్ 6 నెట్‌వర్క్ వైరులోనే కరెంటూ, వీడియో రెండూ పోతాయి, 100 మీటర్ల లోపు. లెక్క ఇదీ: ఒక కెమెరా 2 ఎంబీపీఎస్‌తో ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు 21.6 జీబీ. నాలుగుకు 86 జీబీ. 1 టీబీ డిస్కులో 11 రోజులు, 2 టీబీలో 23 రోజులు నిలుస్తుంది. సీసీటీవీ కోసం చేసిన డిస్కే తీసుకోండి, మామూలు కంప్యూటర్ డిస్కు రాత్రింబవళ్లు రాసేదానికి తట్టుకోదు. వైఫై కెమెరాలే కావాలంటే ఆన్‌విఫ్, ఆర్‌టీఎస్‌పీ (వేరే కంపెనీ రికార్డర్‌కూ వీడియో ఇచ్చే పద్ధతులు) రెండూ ఉన్నవి చూసి, హై ఎండ్యూరెన్స్ 128 జీబీ కార్డు వేయండి. అదే 2 ఎంబీపీఎస్‌కు దాదాపు ఆరు రోజులు.

ఎన్‌వీఆర్‌ను, పీఓఈ స్విచ్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపండి. రౌటరుకు, ఫైబర్ డబ్బాకు 12 వోల్టుల మినీ యూపీఎస్ చాలు. అడాప్టర్ల మీద రాసున్న ఆంపియర్లు కూడి చూసుకోవాలి. వీధి చివర ఆపరేటర్ పెట్టెలో కరెంటు లేకపోతే మీ యూపీఎస్ ఉన్నా నెట్ రాదు, కానీ ఇంట్లో వైఫై నిలబడి ఉంటుంది కాబట్టి రికార్డింగ్, స్విచ్‌లు నడుస్తాయి.

లాక్‌కు మూడు చూడండి. వేలిముద్రలు, పిన్ లాక్ లోపలే నిలవుండాలి. బయటివైపు తాళంచెవి రంధ్రం ఉండాలి. బ్యాటరీ చచ్చిపోతే బయటనుంచి టైప్-సీ గానీ 9 వోల్టుల బ్యాటరీ గానీ తగిలించే చోటు ఉండాలి. తాళంచెవి ఒకటి పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి, ఇంట్లో బీరువాలో పెడితే ప్రయోజనం లేదు. యాప్‌తో మాత్రమే తెరుచుకునే లాక్‌ను ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం.

లోకల్_కంట్రోల్:

బయటనుంచి చూడడానికి పోర్ట్ ఫార్వర్డింగ్ (రౌటర్లో బయటినుంచి లోపలికి దారి తెరవడం) చేస్తామని ఎవరైనా అంటే వద్దనండి. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇట్లా బయటికి తెరిచిపెట్టిన, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లనే పట్టుకుంది. పైగా చాలా కనెక్షన్లలో అది పనిచేయదు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కు బయటివైపు నెట్ అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీది ఆపరేటర్ వెనకాల పంచుకునే అడ్రసు, బయటనుంచి నేరుగా రాలేరు.

ఇంట్లో ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక చిన్న కంప్యూటర్లో హోమ్ అసిస్టెంట్ వేసి, దానిమీదే టెయిల్‌స్కేల్ (బయటున్న మీ ఫోన్‌ను ఇంటి నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపేది) పెట్టుకోండి. అది పంచుకునే అడ్రసు వెనకాలా పనిచేస్తుంది. అదీ ఒక కంపెనీ సర్వర్ మీద ఆధారపడేదే. తేడా ఏమంటే, అది ఆగినా బెంగళూరునుంచి మీరు చూడలేరంతే, ఇంట్లో ఏదీ ఆగదు.

కంప్యూటర్‌గా రాస్ప్‌బెర్రీ పై 4 కంటే పాత మినీ పీసీ మేలు. పై 4లో గడియారం బ్యాటరీ లేదు, మెమరీ కార్డు మీద రోజూ రాస్తే కార్డు పోతుంది. మినీ పీసీలో గడియారానికి సీఆర్2032 బ్యాటరీ బిళ్ల ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ ఉంటుంది. అది పాతదైతే ముందు ఆ బిళ్ల మార్చండి.

తిరుచానూరు_రోడ్డు:

ఒక మాట అడ్డం చెప్తా, కోపం తెచ్చుకోవద్దండి. సర్వర్ ఇంట్లో పెడితే దాన్ని చూసుకునేవాడు ఇంట్లో ఉండాల. అప్‌డేట్ తర్వాత ఏదైనా కలవకపోతే అమ్మానాయనలతో ఫోన్లో స్క్రీను చదివించాల్సి వస్తుంది. 14 పాయింట్లనూ సర్వర్‌కు కట్టేయొద్దు. గీజరు, మోటరు, వాకిలి లైటు, ఇంకో రెండు, అంతే చాలు. మిగతావి మామూలు స్విచ్‌లే ఉండనీ. పాటలకు, వాతావరణానికి స్మార్ట్ స్పీకర్ క్లౌడ్‌దే అయినా నష్టం లేదు, అది ఆగితే ఎవరికీ ఏమీ కాదు.

లోకల్_కంట్రోల్:

దీన్ని ఒప్పుకుంటాను. ఆటో అప్‌డేట్ ఆపేసి, మీరు ఊరికొచ్చినప్పుడే చేయండి. వారానికొక బ్యాకప్ వేరేచోటికి పోయేట్టు పెట్టండి. ఈఎస్‌పీహోమ్ (హోమ్ అసిస్టెంట్‌తో కలిసి నడిచే మాడ్యూళ్ల సాఫ్ట్‌వేర్) వాడే పరికరాలుంటే ఒక సెట్టింగు మరచిపోవద్దు: సర్వర్ 15 నిమిషాలు కనిపించకపోతే అవి వాటంతటవే రీస్టార్ట్ అవుతాయి. రీబూట్ టైమౌట్‌ను 0 చేయకపోతే సర్వర్ చెడిన రోజు రిలేలన్నీ పావుగంటకొకసారి టిక్కుమంటాయి.

బైరాగిపట్టెడ_మిద్దె:

కొటేషన్ మొత్తం మార్పిస్తున్నా. పెరట్లో పాత బోరు ఒకటి ఉంది, పచ్చ బటన్ కొంచెంసేపు నొక్కిపట్టే ప్యానెల్. దానికీ ఇదే కాంటాక్టరు పద్ధతి పనికొస్తుందా అన్నా?

కొర్లగుంట_వైరింగ్:

రాదు తమ్ముడూ. ఆ బటన్ నొక్కిపట్టినంతసేపే స్టార్ట్ కెపాసిటర్ లైన్లో ఉంటుంది. రిలేతో ఊరికే కరెంటిస్తే మోటరు తిరగకుండా గుర్రుమంటుంది, వైండింగ్ కాలుతుంది. దానికి ఆటో స్టార్ట్ ఉండే సబ్‌మెర్సిబుల్ ప్యానెల్, డ్రై రన్ కట్ ఉన్నది మార్పించాల. అది పెట్టేంతవరకు బోరును స్మార్ట్ జోలికి తేవొద్దు, నాయన చేత్తో వేసుకోవడమే మేలు.