నల్ల కోటింగ్ మీద ఎండిపోయిన ఆరాల్డైట్: అసిటోన్ పెట్టాలా, వద్దా?

పటమట కుర్రాడు:
అన్నలూ, లారీ కమాను పట్టీతో వంటింటి కత్తి చేశా. బ్లేడుకి ఆటోనగర్‌లో నల్ల పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి ఓవెన్‌లో కాల్చే పూత) వేయించా. మొన్న రాత్రి పిడి చెక్కలు ఆరాల్డైట్ ఎపాక్సీ జిగురుతో అంటించి, క్లాంపులు బిగించి పడుకున్నా. పొద్దున చూస్తే పిడి ముందంచు దగ్గర కోటింగ్ మీద కందిగింజంత బొట్టు, పక్కనే నా వేలిముద్రతో సహా ఓ మరక. గోటికి కదలట్లేదు. అసిటోన్ (నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం) పెట్టమని ఒకాయన, ముట్టుకోవద్దని ఇంకొకాయన. ఏం చేయమంటారు?

గుంటూరు కొలిమి:
అసిటోనే. బట్ట తడిపి రెండుసార్లు తుడిస్తే సరి. నేనెప్పుడూ చేసేది అదే.

ఆటోనగర్ పాతకాపు:
పచ్చిగా ఉన్నప్పుడు పోతుంది తమ్ముడూ. రాత్రంతా గట్టిపడ్డాక అసిటోన్ దాన్ని కరిగించలేదు, మహా అయితే కాస్త మెత్తబరుస్తుంది. ఈలోపు కింద కోటింగూ మెత్తబడుతుంది. పౌడర్ ఓవెన్‌లో సరిగ్గా కాలిందో లేదో అసిటోన్ లాంటి సాల్వెంట్‌తో రుద్దే చూస్తారు. రంగు బట్టకి దిగిందంటే కాలలేదన్నమాట. నీది ఎంత కాలిందో నీకు తెలుసా?

గుంటూరు కొలిమి:
నా కత్తికి చుక్క రంగు పోలేదండీ. నాది సెరాకోట్, సిరామిక్ కలిసిన పూత.

ఆటోనగర్ పాతకాపు:
అదీ సంగతి! ఓవెన్‌లో కాల్చిన సెరాకోట్ అసిటోన్‌ని తట్టుకుంటుంది. స్ప్రే డబ్బా పెయింటైతే బట్ట పెట్టగానే నల్లగా ఊడొస్తుంది. కోటింగ్ ఏదో చెప్పకుండా అసిటోన్ మంచిదని చెప్పడం, కూర ఏదో తెలీకుండా చెంచాడు ఉప్పు వేయమనడం లాంటిది.

అరండల్‌పేట అక్క:
హెయిర్ డ్రయ్యర్ పట్టు బాబూ. గది వేడికి గట్టిపడే ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గరకొస్తే మెత్తబడుతుంది. ఉక్కు పదును గురించి భయం లేదు, గట్టిపరిచిన ఉక్కు పెళుసు తగ్గించే టెంపరింగే 200 దగ్గర చేస్తాం. పిడి చుట్టూ తడిబట్ట చుట్టు, లేకపోతే లోపలి జిగురు కూడా వదులవుతుంది. వెదురు పుల్ల కొసని ఉలిలా చెక్కి బొట్టు అంచు కింద దూర్చు. డ్రయ్యరు, అసిటోను మాత్రం ఒకేసారి వద్దు. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

గుంటూరు కొలిమి:
డ్రయ్యరెందుకక్కా, మే నెలలో బెజవాడ డాబా మీద పెడితే చాలదూ? పుల్ల బదులు ఇత్తడి రేకు వాడొచ్చుగా, ఉక్కు కన్నా మెత్తన.

అరండల్‌పేట అక్క:
ఉక్కు కన్నా మెత్తనే. పౌడర్ కోటింగ్ కన్నా కాదు. గీత పడుతుంది.

గుంటూరు కొలిమి:
ఏమైనా రాత్రే తుడిచుంటే ఈ గోలే లేదు.

ఆటోనగర్ పాతకాపు:
అది ఒప్పుకుంటా. కానీ బట్ట కారేలా తడిపితే ద్రవం సందులోకి దిగి అక్కడి జిగురుని పాడుచేస్తుంది. పిండిన బట్టతో తుడవాలి. అసలు అంటించేముందే బ్లేడుకి మాస్కింగ్ టేపు వేసుకుంటే అదీ అక్కర్లేదు.

పటమట కుర్రాడు:
అక్క చెప్పినట్టే చేశా. మూడో నిమిషానికి బొట్టు మైనంలా లేచొచ్చింది, కింద కోటింగ్ చెక్కుచెదరలేదు. పల్చటి మరకకి మాత్రం పుల్ల పట్టలేదు. బ్లేడు వెన్ను మీద ఓ మూల దూదిపుల్లతో అసిటోన్ అద్ది చూశా. దూది నల్లబడింది. ఆపేశా. వేలిముద్ర అలాగే ఉంది.

గుంటూరు కొలిమి:
ఎంతసేపు రుద్దావేంటి?

పటమట కుర్రాడు:
రెండుసార్లే అన్నా.